పేరుకే డైరెక్టర్లు: ఆ సంతకంతో వచ్చే బాధ్యతను ఎవరు చెప్పాలి?

సంపాదకులకు,

నమస్కారం. మన రెండు రాష్ట్రాల్లో చిన్న, మధ్య తరహా వ్యాపారులు తమ సంస్థలను ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలుగా నమోదు చేయించుకునేటప్పుడు, చట్టం అడిగే ఇద్దరు డైరెక్టర్ల లెక్క సరిపోవడం కోసం ఇంట్లో వాళ్ల పేరో, తమ దగ్గర పనిచేసే వాళ్ల పేరో రాయించడం మామూలైపోయింది. దానివల్ల ఆ మనుషుల మీద పడుతున్న చట్టపరమైన భారాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. విజయవాడలో కంపెనీ సెక్రటరీగా, అంటే కంపెనీల చట్టపరమైన వ్యవహారాలు చూసే వృత్తిలో, ప్రాక్టీసు చేస్తున్న నాకు ఇది తరచుగా ఎదురయ్యే వ్యవహారమే. భార్య, తల్లి, బావమరిది, నమ్మకంగా పనిచేసే గుమాస్తా, ఒక్కోసారి కారు డ్రైవరు కూడా ఇలా డైరెక్టర్లవుతుంటారు. "మీరేం చెయ్యనక్కర్లేదు, ఊరికే పేరుకి, ఇక్కడో సంతకం పెట్టండి చాలు" అనే మాటతో ఆ పదవి మొదలవుతుంది. ఏళ్లు గడిచాక కోర్టు సమన్లో, పన్ను బకాయి నోటీసో గడప తొక్కేదాకా తాము డైరెక్టర్లమన్న సంగతి వారిలో చాలామందికి గుర్తు కూడా ఉండదు.

కంపెనీల చట్టం, 2013లో 'పేరుకే డైరెక్టర్' అనే హోదా ఎక్కడా లేదు. జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసే డైరెక్టర్ ఉన్నాడు, స్వతంత్ర డైరెక్టర్ ఉన్నాడు, ఒకరి తరఫున నామినీగా వచ్చే డైరెక్టర్ ఉన్నాడు. ఏమీ చేయకుండా, ఏమీ తెలుసుకోకుండా ఉండే హక్కు మాత్రం వీరిలో ఎవరికీ లేదు. 1956 నాటి పాత చట్టంలో డైరెక్టర్ల సాధారణ విధులు ఒకచోట రాసి ఉండేవి కావు, కోర్టు తీర్పులను బట్టి తెలుసుకోవలసి వచ్చేది. 2013 చట్టం 166వ సెక్షన్ వాటిని తొలిసారిగా చట్టంలోకే తెచ్చింది. కంపెనీ నియమావళికి లోబడి నడుచుకోవాలి. కంపెనీకి, ఉద్యోగులకు, వాటాదారులకు, సమాజానికి, పర్యావరణానికి మేలు కలిగేలా సద్భావంతో పనిచేయాలి. తగిన శ్రద్ధ, నైపుణ్యం చూపి సొంత బుద్ధితో నిర్ణయం తీసుకోవాలి. తన ప్రయోజనం కంపెనీ ప్రయోజనంతో ఢీకొనే పరిస్థితిలోకి వెళ్లకూడదు. తనకు గానీ తన బంధువులకు గానీ అక్రమ లాభం చేకూర్చుకోకూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. అదే సెక్షన్‌లోని ఆరో ఉపసెక్షన్ ఇంకో మాట చెబుతుంది: డైరెక్టర్ తన పదవిని మరొకరికి అప్పగించరాదు, అప్పగించినా అది చెల్లదు. మరిది సంస్థలో డైరెక్టర్‌గా ఉన్న వదిన "అంతా ఆయనే చూసుకుంటారండీ" అన్నప్పుడు ఆమె తనకు తెలియకుండానే ఈ నిషేధం అంచుల్లోకి వెళుతోంది. ఈ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే లక్ష రూపాయలకు తగ్గకుండా 5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

అయితే 166వ సెక్షన్ కింద ఇలాంటి చిన్న కుటుంబ కంపెనీల మీద ఎవరో కేసు వేయడం నేనెప్పుడూ చూడలేదు. అసలు దెబ్బ తగిలేది మామూలుగా ఎవరూ పట్టించుకోని చోట, అంటే ఏటా వేయవలసిన రిటర్నుల దగ్గర. వాటాదారుల వార్షిక సమావేశం జరిగిన 30 రోజుల్లో ఆర్థిక నివేదికలు, 60 రోజుల్లో వార్షిక రిటర్ను కంపెనీల రిజిస్ట్రార్‌కు చేరాలి. ఆలస్యమైతే 2018 జూలై నుంచి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతోంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. రెండు ఫారాలూ ఏడాది ఆలస్యమైతే ఒక్క సంవత్సరం లెక్కకే 73 వేల రూపాయలు అవుతుంది. వ్యాపారం సాగక మూలపడిన కంపెనీ యజమానికి ఆ 73 వేలు కట్టే ఓపిక ఉండదు. "మూసేసిన కంపెనీకి రిటర్నులేమిటి" అనుకుంటాడు. షట్టరు దించినంత మాత్రాన కంపెనీ మూతపడదన్న సంగతి అతనికి చెప్పేవారు లేరు. ఇలా వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు రిటర్నులు వేయకపోతే 164వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం ఆ కంపెనీ డైరెక్టర్లందరూ ఐదేళ్లపాటు అనర్హులవుతారు. పాత చట్టంలో ఈ అనర్హత పబ్లిక్ కంపెనీల డైరెక్టర్లకే ఉండేది. కొత్త చట్టం దానిని ప్రైవేట్ కంపెనీలకు కూడా విస్తరించడంతో ఇంట్లో వంటపని చూసుకునే డైరెక్టర్ కూడా దాని కిందికి వచ్చింది.

2017 సెప్టెంబరులో జరిగినదేమిటో ఈ రంగంలో ఉన్నవారెవరూ మరిచిపోలేరు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దేశవ్యాప్తంగా 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి తొలగించి, 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించి, రాష్ట్రాలవారీగా జాబితాలను వెబ్‌సైటులో పెట్టింది. డొల్ల కంపెనీల మీద, అంటే అసలు వ్యాపారం లేకుండా కాగితాల మీదే ఉండే కంపెనీల మీద యుద్ధమన్నారు. డొల్ల కంపెనీలు లేవని నేననను, వాటిని ఏరివేయవలసిందే. కాని ఆ జాబితాలో తమ పేరు చూసుకున్న వారిలో ఎంతోమంది డొల్ల కంపెనీలు నడిపినవారు కారు, తాము ఏ కంపెనీలో ఉన్నామో కూడా సరిగ్గా తెలియనివారు. ఈ అనర్హత నియమం అమల్లోకి వచ్చిన 2014 ఏప్రిల్ 1కి ముందటి సంవత్సరాలను కూడా కలిపి అనర్హతను లెక్కగట్టడం, డైరెక్టర్ గుర్తింపు సంఖ్యలను స్తంభింపజేయడం చట్టసమ్మతం కాదని 2019లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇవ్వడంతో మన దగ్గర చాలామందికి ఊరట దక్కింది. అంతకుముందు 2018 జనవరి నుంచి కొన్ని నెలలపాటు ఆలస్యాన్ని మన్నించే పథకమూ నడిచింది. కాని 164వ సెక్షన్ చెక్కుచెదరకుండా ఉంది. ఈనాటికీ మూడేళ్ల రిటర్నులు ఆగిన ప్రతి కంపెనీ డైరెక్టర్ల మీదా అది పనిచేస్తూనే ఉంటుంది.

ఈ అనర్హత పనిచేసే తీరులో ఒక విడ్డూరం ఉంది. 2018 సవరణ తర్వాత, రిటర్నులు వేయని ఆ కంపెనీలో మాత్రం అనర్హుడైన డైరెక్టర్ పదవి ఉంటుంది, మిగిలిన అన్ని కంపెనీల్లోనూ పోతుంది. బకాయిపడిన రిటర్నులు వేయడానికి ఎవరో ఒకరు మిగలాలి కాబట్టి శాసనకర్తలు అలా రాశారు, అందులో తర్కం ఉంది. కాని నిక్షేపంగా నడుస్తున్న మరో సంస్థలో అదే మనిషి డైరెక్టర్ అయితే, అక్కడి వ్యవహారాలన్నీ ఒక్కసారిగా చిక్కులో పడతాయి. బావ పెట్టిన కంపెనీ పడుకుంటే బావమరిది నడిపే కంపెనీ ఆగిపోతుందన్నమాట.

గుంటూరు జిల్లాకు చెందిన ఒక గృహిణి సంగతి చెబుతాను. పచ్చళ్లు, కారప్పొడులు చేసి చుట్టుపక్కల ఊళ్లకు పంపుతూ మంచి పేరు తెచ్చుకున్న ఆమె, ఇద్దరు ఇరుగుపొరుగు మహిళలతో కలిసి కంపెనీ పెట్టాలని మా ఆఫీసుకు వచ్చారు. దరఖాస్తు మొదలుపెట్టగానే ఆమె పాన్ నంబరు మీద ఇప్పటికే డైరెక్టర్ గుర్తింపు సంఖ్య ఉందనీ, ఆమె అనర్హురాలనీ తేలింది. ఏళ్ల క్రితం మరిది కాంట్రాక్టు పనుల కోసం ఒక కంపెనీ పెడుతూ ఆమె ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు ఫొటోలు తీసుకున్నాడట. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఆమె వంటింట్లోంచే చదివి చెప్పారట. ఆ కంపెనీకి ఒక్క కాంట్రాక్టూ రాలేదు, ఒక్క రిటర్నూ పడలేదు. ఆ సంస్థ పేరు ఏమిటని నేనడిగితే ఆమెకు తెలియదు. నోటీసులేమైనా వచ్చాయా అంటే, కంపెనీ పెట్టినప్పుడు ఇచ్చిన ఈమెయిలు అప్పటి ఆడిటర్ ఆఫీసుది, ఆ ఆఫీసుకు మరిది ఫీజు బాకీపడి ముఖం చాటేశాడు. ఆమె చేతి పనితనంతో పుట్టవలసిన కంపెనీకి ఆమె డైరెక్టర్ కాలేకపోయారు. ప్రస్తుతం సొంత పేరుతో ప్రొప్రయిటరీ సంస్థగానే నడుపుకుంటున్నారు. ఆమె ఏ చట్టాన్నీ కావాలని మీరలేదు. కాని సంతకం ఆమెదే, దానిని ఆమె కాదనలేరు.

డిజిటల్ సంతకాల విషయానికి వస్తాను, ఎందుకంటే ఇందులో మా వృత్తివారి తప్పు కూడా ఉంది. ఏ ఆడిటర్ ఆఫీసుకో, కన్సల్టెంటు ఆఫీసుకో వెళ్లి బీరువా సొరుగు తెరిపించి చూడండి. పెన్‌డ్రైవులా ఉండే డిజిటల్ సంతకం టోకెన్లు డజన్లకొద్దీ కనిపిస్తాయి. ఒక్కోదానికి చిన్న కాగితం అతికించి క్లయింటు పేరు, పక్కనే పాస్‌వర్డు కూడా రాసి ఉంటుంది. ఆ పాస్‌వర్డు చాలావాటికి ఒకటే. ఆ టోకెన్‌తో చేసే సంతకానికి చేతిసంతకంతో సమానమైన విలువ ఉంది. దాని రహస్య తాళం ఇతరుల చేతికి పోకుండా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఆ మనిషిదేనని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ చెబుతోంది. అంటే రేపు ఎవరైనా ఆ టోకెన్‌తో ఏ ఫారం మీద సంతకం చేసినా, "అది నేను చేయలేదు" అని నిరూపించుకోవలసింది టోకెన్ యజమానే. రిటర్నుల గడువు రోజున క్లయింటు దొరకడని, ప్రతిసారీ పిలిపించడం కష్టమని మావాళ్లు చెప్పే కారణాలు నాకు తెలుసు, వాటిలో నిజమూ ఉంది. అయినా క్లయింటు సౌకర్యం పేరుతో అతని సంతకాన్నే మన సొరుగులో పెట్టుకోవడం వృత్తి ధర్మం అనిపించుకోదు. ఆ టోకెన్లను ఎవరివి వారికి తిరిగి ఇచ్చి, రాతపూర్వకంగా రసీదు తీసుకునే పద్ధతిని కంపెనీ సెక్రటరీలు, చార్టర్డ్ అకౌంటెంట్లు తమంతట తామే మొదలుపెట్టాలని ఈ లేఖ ద్వారా తోటివారిని కోరుతున్నాను.

డబ్బు బాధ్యతలు మరో ఎత్తు. లిమిటెడ్ కంపెనీ అంటే బాధ్యత వాటా సొమ్ము వరకే పరిమితమన్నది జనంలో బాగా నాటుకున్న నమ్మకం. అది వాటాదారుడికి సంబంధించిన మాట, డైరెక్టర్‌కు సంబంధించినది కాదు. ప్రైవేట్ కంపెనీ నుంచి ఆదాయపు పన్ను బకాయి వసూలు కాకపోతే, ఆ బకాయికి సంబంధించిన సంవత్సరంలో డైరెక్టర్లుగా ఉన్నవారి నుంచి ఉమ్మడిగా, విడివిడిగా కూడా రాబట్టవచ్చునని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 179వ సెక్షన్‌లో రాశారు. జీఎస్టీ చట్టంలోని 89వ సెక్షన్ కూడా ప్రైవేట్ కంపెనీల డైరెక్టర్ల విషయంలో అదే చెబుతోంది. తన నిర్లక్ష్యం వల్ల, విధి ఉల్లంఘన వల్ల ఆ బకాయి పేరుకుపోలేదని నిరూపించుకుంటే తప్పించుకోవచ్చు గానీ, నిరూపించే భారం డైరెక్టర్ మీదే ఉంది. నాకేమీ తెలియదని, ఎప్పుడూ మీటింగుకు వెళ్లలేదని చెప్పే మనిషి తన శ్రద్ధను దేనితో నిరూపించగలదు? తెలియకపోవడమే ఆమె మీద ఆరోపణగా మారుతుంది.

చెక్కుల సంగతి ఇంకా దారుణం. డైరెక్టర్‌గా చేర్చడంతోపాటు బ్యాంకులో సంతకం చేసే అధికారం కూడా భార్య పేరునే పెట్టి, చెక్కు పుస్తకం మొత్తం మీద ఒకేసారి ఖాళీ సంతకాలు చేయించుకునే వ్యాపారులు మన ఊళ్లలో కోకొల్లలు. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు. కంపెనీ చెక్కు విషయంలో 141వ సెక్షన్ ప్రకారం కంపెనీ వ్యవహారాలను నిర్వహిస్తూ వాటికి బాధ్యులుగా ఉన్నవారు కూడా నిందితులవుతారు. ఇక్కడ న్యాయస్థానాలు కొంత కనికరం చూపాయన్నది నిజం. డైరెక్టర్ అయినంత మాత్రాన నేరస్థుడు కాడనీ, ఆ సమయంలో కంపెనీ నిర్వహణకు అతను బాధ్యుడని ఫిర్యాదులో స్పష్టంగా చెప్పాలనీ 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని అదే తీర్పు, మేనేజింగ్ డైరెక్టర్ హోదాలో ఉన్నవారికీ, చెక్కు మీద సంతకం చేసినవారికీ ఆ వెసులుబాటు లేదని కూడా చెప్పింది. నిర్వహణతో సంబంధం లేని డైరెక్టర్‌కైనా ఆ రక్షణ సమన్లు వచ్చాక, లాయరును పెట్టుకుని, కేసు కొట్టేయమని హైకోర్టు మెట్లు ఎక్కాక దొరికేదే. నరసరావుపేట నుంచో, మహబూబ్‌నగర్ నుంచో ఒక గుమాస్తా తన మీద వచ్చిన కేసును హైకోర్టులో కొట్టేయించుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, అతని నెల జీతం ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రక్షణ విలువ తెలుస్తుంది.

బ్యాంకు రుణాలకు ఇచ్చే వ్యక్తిగత హామీ గురించి క్లుప్తంగా చెబుతాను. రుణం ఇచ్చే బ్యాంకు మామూలుగా డైరెక్టర్లందరి చేతా హామీ పత్రం మీద సంతకం చేయిస్తుంది. కాంట్రాక్టుల చట్టం, 1872లోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. కంపెనీ దివాలా ప్రక్రియలో తేలిన పరిష్కార ప్రణాళికతో హామీదారు బాధ్యత దానంతటదే రద్దు కాదని 2021 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డైరెక్టర్ పదవికి రాజీనామా చేసినా హామీ అలాగే ఉంటుంది. బ్యాంకు రాతపూర్వకంగా విడిచిపెడితే తప్ప అది పోదు.

పేరుకే డైరెక్టర్లు చిన్న కుటుంబాల్లోనే ఉన్నారనుకోవడం పొరపాటు. సత్యం కంప్యూటర్స్ ఉదంతం జరిగింది మన హైదరాబాదులోనే. 2008 డిసెంబరు 16న, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలన్న తీర్మానానికి, ఎంతో పేరున్న విద్యావేత్తలు, నిపుణులు స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్న బోర్డు ఆమోదం తెలిపింది. మదుపరులు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే దానిని ఉపసంహరించుకున్నారు. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, ఖాతాల్లో చూపించిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. అంత చదువు, అంత అనుభవం ఉన్నవారు కూర్చున్న బల్ల దగ్గరే ప్రశ్న పుట్టకపోతే, ఇంగ్లిషు ఫారం చదవలేని ఇల్లాలిని ప్రశ్నించలేదని తప్పుపట్టడం ఏం న్యాయం? 2013 చట్టంలో డైరెక్టర్ల విధులు, స్వతంత్ర డైరెక్టర్ల ప్రవర్తన నియమావళి, వాటాదారులు సామూహికంగా ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు చోటు చేసుకోవడం వెనుక ఆ చేదు అనుభవం ఉంది. లిస్టెడ్ కంపెనీల్లోనూ, నిర్ణీత స్థాయి దాటిన పబ్లిక్ కంపెనీల్లోనూ కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలని అదే చట్టం చెప్పింది. నిర్ణయాలు జరిగే చోట మహిళలు కూర్చోవాలని పెట్టిన నియమమది. మన చిన్న కంపెనీల్లో మహిళల పేర్లకు కొరతే లేదు. వారికి నిర్ణయంలో మాట మాత్రం లేదు, బాధ్యత మాత్రం పూర్తిగా ఉంది.

ఇంకో కోణం యువతకు సంబంధించినది. 2022 సెప్టెంబరులో, చైనాతో సంబంధాలున్న డొల్ల కంపెనీలను పెద్ద సంఖ్యలో పెట్టించి వాటికి డమ్మీ డైరెక్టర్లను సమకూర్చిన వ్యవహారంలో తీవ్ర మోసాల దర్యాప్తు కార్యాలయం సూత్రధారిని అరెస్టు చేసినట్టు కార్పొరేట్ వ్యవహారాల శాఖ ప్రకటించింది. అప్పుడు సోదాలు జరిగిన నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. ఉద్యోగం ఇస్తామనో, నెలకు కొంత ముట్టజెబుతామనో చెప్పి ఆధార్, పాన్, ఓటీపీ అడిగేవారి మాట నమ్మి సంతకం చేసే కుర్రవాళ్లకు కంపెనీల చట్టంలోని 447వ సెక్షన్ గురించి ఎవరైనా చెబుతున్నారా? అందులో చెప్పిన స్థాయి మోసం రుజువైతే ఆరు నెలల నుంచి పదేళ్ల వరకు జైలు, ప్రజాప్రయోజనం ముడిపడి ఉంటే కనీసం మూడేళ్లు.

విదేశాల్లో ఉన్న మన వాళ్ల ఇళ్లలో ఇది మరో రూపంలో వస్తుంది. ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు భారతదేశంలో ఉన్న డైరెక్టర్ ఒకరైనా ఉండాలని 149వ సెక్షన్ అంటుంది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాలనుకుంటే, తెనాలిలోనో, కరీంనగర్‌లోనో ఉన్న తండ్రి స్థానిక డైరెక్టర్ అవుతాడు. కొడుకు రెండేళ్లకు ఆసక్తి తగ్గి వదిలేస్తాడు. రిటర్నుల బాధ్యత, జీఎస్టీ నోటీసు, అద్దె ఆఫీసు చిరునామాకు వెళ్లి తిరిగొచ్చే ఉత్తరాలు అన్నీ డెబ్బై ఏళ్ల ఆ పెద్దాయన నెత్తిన పడతాయి. పరాయి దేశంలో ఉన్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. కంపెనీ నడపనప్పుడు దానిని చట్టప్రకారం మూయించండి. అప్పులూ ఆస్తులూ లేకుండా రెండేళ్లుగా పనిచేయని కంపెనీని ఎస్‌టీకే-2 ఫారంతో, 10 వేల రూపాయల రుసుముతో రిజిస్టరు నుంచి తీయించుకునే మార్గం 248వ సెక్షన్‌లో ఉంది. ముందుగా బకాయి రిటర్నులు వేయవలసి ఉంటుంది కాబట్టి, ఎంత త్వరగా ఆ పని చేస్తే ఖర్చు అంత తక్కువ. మళ్లీ ఎప్పుడో వాడుకుందామనుకుంటే 455వ సెక్షన్ కింద నిద్రాణ కంపెనీ హోదా తీసుకోవచ్చు.

అసలు రెండో పేరే అవసరం లేని దారి కూడా చట్టం చూపించింది. ఏకవ్యక్తి కంపెనీకి ఒక్క డైరెక్టర్ చాలు. యజమాని మరణిస్తే ఎవరికి చెందాలో చెప్పే నామినీ పేరు ఇవ్వాలి గానీ, ఆ నామినీ డైరెక్టర్ కాదు, యజమాని బతికుండగా రిటర్నుల బాధ్యత ఆమె మీద పడదు. 2021లో ఈ కంపెనీలకున్న పెట్టుబడి, టర్నోవరు పరిమితులను తొలగించారు, ప్రవాస భారతీయులకూ అవకాశం ఇచ్చారు. అయినా మా దగ్గరికి వచ్చే పదిమందిలో ఒకరికైనా ఈ సంగతి తెలియదు. కన్సల్టెంట్లు కూడా అలవాటు ప్రకారం "ఇంకో పేరు చెప్పండి" అంటారు. భార్య నిజంగా వ్యాపారంలో భాగస్వామి అయితే ఆమె డైరెక్టర్ కావలసిందే, లెక్కలు చూడవలసిందే, బోర్డు మీటింగులో మాట్లాడవలసిందే. లెక్క సరిపెట్టడానికే అయితే ఆమె పేరు వద్దు.

ఇప్పటికే ఇందులో ఇరుక్కున్నవారు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే కంపెనీ వివరాలు, డైరెక్టర్ల పేర్లు ఎవరైనా చూడవచ్చు, ముందు తమ పేరు ఎక్కడుందో చూసుకోవాలి. తప్పుకోవాలనుకుంటే కంపెనీకి రాతపూర్వకంగా రాజీనామా ఇచ్చి, అది అందినట్టు రుజువు ఉంచుకోవాలి. కంపెనీ 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు తెలపాలి. తెలపకపోతే రాజీనామా చేసినవారే డీఐఆర్-11 ఫారం ద్వారా తెలియజేసుకునే వీలు 168వ సెక్షన్‌లో ఉంది. పదవిలో ఉన్న కాలంలో జరిగిన తప్పులకు బాధ్యత రాజీనామాతో పోదు. కాని ఆ తర్వాతి కాలానికి గట్టి గీత పడుతుంది. బోర్డు మీటింగులకు వరుసగా 12 నెలలు వెళ్లకపోతే పదవి దానంతటదే ఖాళీ అవుతుందన్న 167వ సెక్షన్ మీద ఆధారపడి ఊరుకోవడం క్షేమం కాదు. మీటింగులే జరగని కంపెనీలో, కాగితం మీద అందరూ హాజరైనట్టు మినిట్సు పుస్తకం రాసి ఉంటుంది, అందులో మీ పేరూ ఉంటుంది.

ఇక ప్రభుత్వానికి నా విన్నపాలు. డైరెక్టర్‌గా ఉండడానికి సమ్మతి తెలిపే డీఐఆర్-2 పత్రం తెలుగులో లేదు. ఆ పత్రంతో పాటు, డైరెక్టర్ విధులు, రిటర్నుల గడువులు, అనర్హత, పన్ను బకాయిల బాధ్యత గురించి ఒకటి రెండు పేజీల తెలుగు వివరణ పత్రాన్ని జతచేసి, దానిని చదివి అర్థం చేసుకున్నట్టు విడిగా సంతకం తీసుకునే పద్ధతి రావాలి. బీమా పాలసీకీ, బ్యాంకు లాకరుకూ స్థానిక భాషలో వివరణ ఉండాలని ఆశించే మనం, ఐదేళ్ల అనర్హతకు దారితీసే సంతకానికి ఆ మాత్రం అడగడం అత్యాశ కాదు. మూడో ఏడాది రిటర్నుల గడువు దాటబోతున్నప్పుడు, కంపెనీ ఈమెయిలుకు మాత్రమే కాకుండా ప్రతి డైరెక్టర్ సొంత ఫోనుకూ, కేవైసీలో ఇచ్చిన చిరునామాకూ తెలుగులో హెచ్చరిక వెళ్లాలి. డైరెక్టర్ల కేవైసీ కోసం ఆ ఫోను నంబర్లను ప్రభుత్వమే ఓటీపీతో సరిచూస్తోంది, కాబట్టి సందేశం పంపడానికి కొత్తగా సేకరించవలసింది ఏమీ లేదు. వ్యాపార నిర్వహణలో ఏ పాత్రా లేదని నిరూపించుకోగల డైరెక్టర్‌కు, అనర్హత అమలయ్యే ముందు తన మాట చెప్పుకునే అవకాశం చట్టంలోనే ఉండాలి. ప్రతి ఒక్కరూ హైకోర్టుకు వెళ్లలేరు.

విజయవాడ, హైదరాబాదు రిజిస్ట్రార్ కార్యాలయాలు నెలకొక రోజు జిల్లా కేంద్రాల్లో, చాంబర్ ఆఫ్ కామర్స్ భవనాల్లోనో, పారిశ్రామికవాడల్లోనో సహాయ శిబిరం పెట్టి, తమ పేరు ఏ కంపెనీలో ఉందో చూసుకోవడానికీ, రాజీనామా ఫారం నింపడానికీ, మూలపడిన కంపెనీని మూయించడానికీ జనానికి సాయం చేయాలని కోరుతున్నాను. అలాంటి శిబిరాలకు ఫీజు లేకుండా వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను, మా వృత్తిలో చాలామంది అలాగే వస్తారని నమ్ముతున్నాను. శిబిరాల తేదీలు ఖరారైతే, జిల్లా పేజీల్లో వాటిని ప్రముఖంగా ప్రచురించాలని మీకు మనవి.

భవదీయుడు,
ఒక ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీ,
విజయవాడ